పంజరం ముందు, ఊసరవెల్లి తర్వాత

ఊసరవెల్లిని కొనేవాళ్ళలో చాలామంది దాన్ని షాపులో చూసిన రోజే కొనేస్తారు. రెండు కళ్ళూ రెండు దిక్కులకు తిప్పుతూ అది కొమ్మ మీద ఒక్కో అడుగూ వేస్తుంటే పిల్లలు అక్కణ్ణుంచి కదలరు, నిజం చెప్పాలంటే పెద్దవాళ్ళూ కదలరు. షాపువాడు చూపించిన చిన్న గాజు పెట్టె, ఎర్ర బల్బు, నీళ్ళ గిన్నె అదే బిల్లులో వేయించుకుని ఇంటికొస్తారు. దీన్ని ఎలా పెంచాలో చదవడం ఆ రాత్రి మొదలవుతుంది. ఆ గాజు పెట్టెలో గాలి సరిగా ఆడదనీ, రాత్రిపూట దానికి ఏ రంగు వెలుతురూ ఉండకూడదనీ, గిన్నెలో నిలవ ఉన్న నీళ్ళను అది నీళ్ళుగానే గుర్తించదనీ అప్పుడు తెలుస్తుంది. జంతువు మాత్రం అప్పటికే ఇంట్లో ఉంది.

ఈ వరసను తిరగెయ్యమనే ఈ అధ్యాయంలో చెప్పబోతున్నాను. ముందు మీ ఇల్లు చూసుకోండి. దానికి తగిన జాతిని ఎంచుకోండి. పంజరం అమర్చి కొన్నాళ్ళు ఖాళీగా నడపండి. జంతువు అన్నిటికన్నా చివర రావాలి.

చట్టం సంగతి ముందే చెప్పుకుందాం. రాయలసీమ చిట్టడవుల్లో, తోటల్లో కనిపించే మన దేశపు ఊసరవెల్లికి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. చెట్టు మీద దొరికింది కదా అని ఇంటికి తెచ్చుకోవడం నేరం. విదేశీ జాతుల దారి వేరు. వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైట్స్ ఒప్పందం జాబితాల్లో ఉన్న జంతువును ఇండియాలో ఉంచుకునేవాళ్ళు 2022 చట్ట సవరణ, 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. ఈ అధ్యాయంలో వచ్చే మూడు పెంపుడు జాతులూ ఆ ఒప్పందం రెండో అనుబంధంలో ఉన్నవే. కాగితం లేకుండా అమ్మేవాడి దగ్గర ఎంత చవకైనా కొనొద్దు. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఇబ్బంది లేదు గానీ హవాయిలో ఆంక్షలు గట్టివి. 1972లో ఓహూ దీవిలో బయటపడ్డ జాక్సన్ ఊసరవెల్లులు అక్కడి అడవుల్లో స్థిరపడిపోయి, ఆ దీవులకే ప్రత్యేకమైన నత్తలనూ పురుగులనూ తింటున్నాయి. పెంచలేక తోటలో వదిలేద్దామనే ఆలోచన ఎప్పుడైనా వస్తే అది గుర్తుంచుకోండి.

ఇక ఇక్కణ్ణుంచి నేను రాసేది ముఖ్యంగా అమెరికాలో ఉంటున్న తెలుగు కుటుంబాలను దృష్టిలో పెట్టుకుని. పిల్లలు అడిగేదీ, సరీసృపాలను అమ్మే రెప్టైల్ ఎక్స్‌పోలు జరిగేదీ, సామాను తేలిగ్గా దొరికేదీ ఎక్కువగా అక్కడే.

మీ ఇల్లు దానికి సరిపోతుందా

మీ అబ్బాయో అమ్మాయో దానితో ఏం చేద్దామనుకుంటున్నారో ముందు అడగండి. చేతిలోకి తీసుకుని ఆడుకోవాలని ఉంటే ఊసరవెల్లి వద్దు. లెపర్డ్ గెకో ఉంది, బియర్డెడ్ డ్రాగన్ ఉంది, అవి చేతికి బాగా అలవాటు పడతాయి. ఊసరవెల్లి మాత్రం చేతిని ఓర్చుకుంటుందే తప్ప కోరుకోదు. దగ్గరికెళ్తే ఒళ్ళు బల్లపరుపుగా చేసుకుని నోరు తెరిచి బుస్సుమంటుంది. అది పొగరు కాదు, భయం. దాన్ని పెంచుకునేది చూడటానికి. ఒక కొమ్మ నుంచి ఇంకో కొమ్మకు వెళ్ళడానికి అది పావుగంట తీసుకుంటే, ఆ పావుగంటా కూర్చుని చూడగల ఓపిక పిల్లలకు ఉందో లేదో ఇంట్లోవాళ్ళకే తెలుస్తుంది. ఐదేళ్ళలోపు పిల్లలున్న ఇంట్లో అసలు సరీసృపాలే వద్దని అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ సలహా. వాటి నుంచి అంటుకునే సాల్మొనెల్లా బాక్టీరియా భయం అలాంటిది. పెద్ద పిల్లలైనా పంజరంలో చెయ్యి పెట్టి తీసినప్పుడల్లా సబ్బుతో కడుక్కోవాలి. దాని డబ్బాలూ గిన్నెలూ వంటింటి సింకులో కడగకూడదు.

తర్వాతది తిండి. దీనిమీద మన ఇళ్ళలో గొడవ ఖాయం. ఊసరవెల్లి తినేది బతికున్న పురుగుల్ని. కీచురాళ్ళు కొంటే డబ్బాలోంచి రెండు మూడు తప్పకుండా తప్పించుకుంటాయి, సోఫా కిందో ఫ్రిజ్ వెనకో చేరి రాత్రంతా అరుస్తాయి. అందుకే చాలామంది డూబియా బొద్దింకలకు మారతారు. అవి అరవవు, నున్నటి ప్లాస్టిక్ గోడ ఎక్కలేవు, వాసన తక్కువ. కానీ బొద్దింకలు బొద్దింకలే. వాటిని కోడిగుడ్ల అట్టల మధ్య పెట్టి, క్యారెట్ ముక్కలు, కమలాపండు తొనలు, ఆకుకూరలు వేసి మేపాలి. ఎందుకంటే పురుగు పొట్టలో ఉన్నదే రేపు ఊసరవెల్లి పొట్టలోకి వెళ్తుంది. ఇండియా నుంచి ఆర్నెల్లకని వచ్చిన అత్తగారు ఆ డబ్బా మూత తీసి, "డబ్బులు పోసి బొద్దింకల్ని కొనుక్కొచ్చావా నాయనా!" అని కూలబడకముందే ఈ సంగతి ఆవిడ చెవిన వెయ్యడం మంచిది. శాకాహారుల ఇంట్లో ఇది ఇంకా ముందు తేల్చుకోవాల్సిన మాట. జంతువును తెచ్చాక, రోజూ ఒక ప్రాణిని ఇంకో ప్రాణికి వెయ్యడం మా వల్ల కాదంటే దానికి వేరే దారి లేదు.

ఇక ఇండియా ప్రయాణం. వేసవి సెలవుల్లో ఐదారు వారాలు వెళ్తే దీన్ని ఎవరు చూస్తారు? పొరుగింటికి పంజరంతో సహా తరలిస్తే, ఆ కొత్త చోటుకే అది వారాల తరబడి బెదిరిపోతుంది. ఎవరైనా మీ ఇంటికే వచ్చి పురుగులు వేసి, నీళ్ళ డబ్బా నింపి, లైట్లు వెలుగుతున్నాయో లేదో చూసి వెళ్ళాలి. అలాంటి మనిషి పేరు ఇప్పుడే నోటికి రాకపోతే, వచ్చేదాకా ఆగండి.

డాక్టరు సంగతీ అంతే. కుక్కలనూ పిల్లులనూ చూసే డాక్టర్లందరూ సరీసృపాలను చూడరు. అసోసియేషన్ ఆఫ్ రెప్టీలియన్ అండ్ ఆంఫీబియన్ వెటర్నేరియన్స్ అనే సంస్థ తన సభ్యుల జాబితా అందరికీ అందుబాటులో ఉంచుతుంది. మీ ఊరికి గంట దూరంలో ఎవరున్నారో ముందే చూసి పెట్టుకోండి.

ఏ జాతి

కొత్తవాళ్ళు ఎంచుకోదగ్గవి రెండే అని నా అభిప్రాయం: వెయిల్డ్, పాంథర్. రెండింటిలోనూ మగదాన్నే తీసుకోండి.

వెయిల్డ్ ఊసరవెల్లిది యెమెన్, దాని పక్కనున్న సౌదీ అరేబియా ప్రాంతం. నెత్తిమీద ఎత్తుగా లేచిన తురాయి దాని గుర్తు. మగది తోకతో కలిపి దాదాపు 2 అడుగుల వరకు పెరుగుతుంది. ఎండకూ చలికీ కొంత తట్టుకుంటుంది, తిండి దగ్గర పేచీ పెట్టదు, పురుగులతో పాటు ఆకులూ పూలూ కూడా నములుతుంది. మనుషులతో మాత్రం కోపిష్టి. గుడ్డులోంచి వచ్చినప్పటి నుంచే మగదాన్ని పోల్చుకోవచ్చు: వెనక కాలి మడమ దగ్గర చిన్న ముల్లు ఉంటుంది, ఆడదానికి ఉండదు. అమ్మేవాడి మాట మీద ఆధారపడక్కర్లేదు, మీరే చూసుకోవచ్చు.

ఆడది ఎందుకు వద్దంటున్నానంటే, మగదాని జత లేకపోయినా అది గుడ్లు పెడుతుంది. తిండి, వేడి ఎక్కువైతే ఒక్కో కాన్పుకు పదుల్లో గుడ్లు, వాటికోసం ఒంట్లోని కాల్షియమంతా ధారపోస్తుంది. తవ్వుకోవడానికి అడుగు లోతున తడి ఇసుక దొరక్కపోతే గుడ్లు లోపలే ఆగి ప్రాణం పోవచ్చు. అనుభవం ఉన్నవాళ్ళు తిండి తగ్గించి, వేడి తగ్గించి దీన్ని అదుపులో పెడతారు. మొదటిసారే నెత్తికెత్తుకోవాల్సిన పని కాదు.

పాంథర్ మడగాస్కర్ ఉత్తర, తూర్పు తీరాలది. దీని అందమంతా ఊరినిబట్టి మారుతుంది. నోసీ బే దీవి మగది నీలం కలిసిన ఆకుపచ్చ. అంబిలోబేది ఎరుపు, ఆకుపచ్చల మీద నీలం పట్టీలు. అంబంజా, తమతావే పేర్లు కూడా ఎక్స్‌పో బల్లల మీద చూస్తారు. తొండ ముదిరి ఊసరవెల్లి అయిందన్న సామెత పాంథర్ పిల్లల్ని చూస్తే నిజమే అనిపిస్తుంది. మూడు నెలల పిల్ల మట్టిరంగులో దిగాలుగా ఉంటుంది, అసలు రంగులు ఏడాది వయసుకు గానీ తేలవు. అందుకే నిజాయితీ ఉన్న పెంపకందారు పిల్లతో పాటు దాని తండ్రిని, వీలైతే తల్లి తండ్రిని కూడా చూపిస్తాడు. వెయిల్డ్ పిల్ల మామూలుగా వంద డాలర్లలోపు వస్తే, మంచి పాంథర్‌కు దానికి కొన్ని రెట్లు పెట్టాలి. డబ్బుకు వెనకాడకపోతే నేను పాంథర్‌నే తీసుకోమంటాను. స్వభావం కాస్త నెమ్మది, ఇంట్లో ఉండే మామూలు వాతావరణం దానికి సరిపోతుంది.

మూడు కొమ్ముల జాక్సన్‌ను చూసి పిల్లలు వెర్రెత్తిపోతారు. చూడటానికి డైనోసారే. గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది. కానీ అది కెన్యా, టాంజానియా కొండల జీవి, రాత్రిళ్ళు బాగా చల్లబడాలి. 60 డిగ్రీల ఫారెన్‌హీట్ చుట్టుపక్కలకు, ఇంకా కిందకు దిగినా దానికి హాయే. డాలస్‌లోనో ఫీనిక్స్‌లోనో ఏసీని రాత్రికి 75లో పెట్టి పడుకునే ఇంట్లో అది మెల్లగా నీరసించిపోతుంది.

ఆయుష్షు కూడా తెలుసుకోవాలి. బాగా పెంచితే వెయిల్డ్, పాంథర్ మగవి ఐదు నుంచి ఏడేళ్ళు బతుకుతాయి. ఇదే కుటుంబంలో మడగాస్కర్‌కు చెందిన లాబోర్డ్ ఊసరవెల్లి గుడ్డులోనే ఎనిమిది తొమ్మిది నెలలుండి, బయటికొచ్చాక నాలుగైదు నెలల్లో పెరిగి, జతకట్టి, చచ్చిపోతుంది. దానితో పోలిస్తే మనవి దీర్ఘాయుష్మంతులు. తొమ్మిదో తరగతిలో ఉన్న పిల్లకు కొనిస్తే ఆ పిల్ల కాలేజీకి వెళ్ళాక కూడా పంజరం మీ ఇంట్లోనే ఉంటుంది.

ఏ జాతైనా ఒక్కటే తీసుకోండి. తోడు లేక దిగులు పడుతుందని రెండోది తేవద్దు. ఊసరవెల్లికి ఇంకో ఊసరవెల్లి కనపడటమే యాతన.

పంజరం

పెరిగిన మగదానికి 2 అడుగుల వెడల్పు, 2 అడుగుల లోతు, 4 అడుగుల ఎత్తు కావాలి. పిల్లప్పుడు చిన్నది, పెద్దయ్యాక పెద్దది అని రెండుసార్లు కొనిపిస్తారు. మొక్కలు దట్టంగా పెడితే మూడు నాలుగు నెలల పిల్ల పెద్ద పంజరంలోనే తన తిండి వెతుక్కోగలదు, అవసరమైతే కొన్నాళ్ళు పురుగుల్ని ఒక గిన్నెలో పెట్టి అందించవచ్చు. ఒకేసారి పెద్దది కొనడమే లాభం.

జాలీ పంజరమా, గాజుదా అన్నదాని మీద వాదోపవాదాలు ఎప్పటి నుంచో ఉన్నాయి. ఇది సిద్ధాంతం సంగతి కాదు, మీ ఊరి సంగతి. హ్యూస్టన్, టాంపా లాంటి ఉక్కపోత ఊళ్ళలో అన్నివైపులా అల్యూమినియం జాలీ ఉంటే గాలి ఆడుతుంది, తడి ఆరుతుంది. చికాగోలోనో మినియాపొలిస్‌లోనో చలికాలమంతా హీటర్ నడిచే ఇంట్లో గాలి ఎండిపోయి ఉంటుంది. అక్కడ అన్నివైపులా జాలీ పెడితే కొట్టిన నీళ్ళు పది నిమిషాల్లో ఆవిరి. వెనకా పక్కలా పీవీసీ పలకలు, ముందు తలుపు, పైన జాలీ ఉన్న రకం అలాంటి ఊళ్ళకు మేలు. ఉన్న జాలీ పంజరానికే మూడువైపులా పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు తొడిగినా పనవుతుంది. చేపల తొట్టి మాత్రం ఎక్కడా పనికిరాదు. పైకి తప్ప గాలి పోయే దారి లేదు, పైగా గాజులో తన నీడనే చూసుకుని ఇంకోటి ఉందనుకుని పోట్లాటకు దిగుతుంది.

పంజరం నేల మీద పెట్టొద్దు. బల్ల వేసి, పై కొమ్మ మీద కూర్చున్న జంతువు మీ కళ్ళకంటే ఎత్తులో ఉండేలా చూడండి. గద్దలూ కాకులూ పైనుంచి వచ్చే లోకంలో పుట్టిన జాతి అది. పైనుంచి వంగి చూసే ప్రతి ముఖమూ దానికి శత్రువే. అదే ముఖం కిందనుంచి కనిపిస్తే పట్టించుకోదు. ఈ ఒక్క మార్పుతో చాలా వెయిల్డ్‌ల కోపం సగం తగ్గుతుంది.

ఎక్కడ పెట్టాలంటే, ఏసీ గాలి నేరుగా తగలని, మనుషుల రాకపోకలు తక్కువున్న మూల. టీవీ పక్కన వద్దు. వంటింటి గుమ్మం దగ్గరా, దేవుడి గదిలోనూ వద్దు, తాలింపు ఘాటు, అగరొత్తుల పొగ దాని ఊపిరితిత్తులకు మంచివి కావు.

లోపలి అమరికలో అందరూ మొక్కలు సరే పెడతారు, కొమ్మల దగ్గర తప్పటడుగు వేస్తారు. దాని పాదం పటకారు లాంటిది: ముందు కాళ్ళకు లోపలివైపు మూడు వేళ్ళు, బయటివైపు రెండు, వెనక కాళ్ళకు ఇది తలకిందులు. ఆ పటకారు నిండుగా పట్టడానికి దాని శరీరానికి తగిన లావు కొమ్మ కావాలి. పెన్సిల్ లావువి, బొటనవేలి లావువి కలిపి, అడ్డంగా, రకరకాల ఎత్తుల్లో, పంజరం ఈ చివర నుంచి ఆ చివరకు దారి తెగకుండా కట్టండి. నిలువుగా రెండు కొమ్మలు నిలబెట్టి వదిలేస్తే మిగిలిన చోటంతా వృథా. పల్చటి అల్యూమినియం జాలీ బరువు ఆపదు కాబట్టి కొమ్మల్ని ఫ్రేముకు బిగించండి.

మొక్కల్లో మనీ ప్లాంట్ మొండిది, నీళ్ళు ఎన్ని కొట్టినా బతుకుతుంది. ఫైకస్ బెంజమినా, షెఫ్లెరా మంచి గుబురు ఇస్తాయి. వెయిల్డ్‌కు మందార మొక్క పెట్టి చూడండి. పువ్వు విచ్చిన రోజు అది ఎక్కడున్నా దిగొచ్చి, ముందు రేకలు, తర్వాత దుద్దు, ఆఖరికి తొడిమ దాకా తాపీగా నమిలేస్తుంది. నర్సరీ నుంచి తెచ్చిన మొక్కల్ని ఆకు ఆకూ కడగాలి, పైన వేసిన ఎరువు గుళికలు ఏరెయ్యాలి. పురుగుమందు కొట్టిన మొక్క ఐతే కొన్ని వారాలు బయటే ఉంచండి. పంజరం అడుగున మట్టీ, కొబ్బరిపీచూ మొదట్లో వద్దు, ఖాళీగా ఉంటే తుడవడం తేలిక.

వెలుతురు, వేడి, నీళ్ళు

లైట్లు రెండు. ఒకటి వేడికి, ఒకటి యూవీబీకి, అంటే ఎండలో ఉండే ఒక రకం అతినీలలోహిత కిరణాలకు. వేడికి ఖరీదైన బల్బేమీ అక్కర్లేదు, మామూలు తెల్లటి ఇన్‌కాండిసెంట్ బల్బు చాలు. దాని కింద కొమ్మ దగ్గర మగదానికి 85 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 29 సెల్సియస్ రావాలి, చిన్నపిల్లకు 80 చాలు. బల్బుకూ జంతువుకూ మధ్య జాలీ ఉన్నంత మాత్రాన నిశ్చింతగా ఉండకండి. వెయిల్డ్ చల్లటి పొద్దున వీపును జాలీకి ఆనించేసి కూర్చుంటుంది. కాలుతున్నా కదలదు. తురాయి మీదా వెన్ను మీదా నల్లగా మాడిన మచ్చలు అలా వచ్చినవే. తురాయి కొన నుంచి బల్బు దాకా ఓ అడుగైనా దూరం ఉండేలా పై కొమ్మను కిందకు కట్టండి.

యూవీబీ లేకపోతే ఒంట్లో డి3 విటమిన్ తయారుకాదు. డి3 లేకపోతే తిన్న కాల్షియం ఎముకకు పట్టదు. కాళ్ళు వంకర్లు పోయి, దవడ మెత్తబడి, ఆఖరికి నాలుక విసరలేని స్థితికి వస్తుంది. ఊసరవెల్లులకు జరిగే నష్టాల్లో ఇది అతి సాధారణం, అతి తేలిగ్గా ఆపగలిగినదీ ఇదే. చిన్న చుట్టల బల్బులు కాకుండా పంజరం వెడల్పున పరుచుకునే టీ5 హై అవుట్‌పుట్ గొట్టం తీసుకోండి. ఆర్కేడియా 6 శాతం, జూ మెడ్ రెప్టిసన్ 5.0 రెండూ బాగానే ఉంటాయి. గొట్టం జాలీ పైన పెట్టినప్పుడు జంతువు వీపు దానికి 8, 9 అంగుళాల కింద ఉంటే యూవీ సూచిక 3 దగ్గర పడుతుంది, అది చాలు. గొట్టం వెలుగుతూనే ఉంటుంది గానీ లోపలి యూవీబీ తగ్గిపోతుంది, ఏడాదికోసారి మార్చండి. కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండ దీనికి బదులు కాదు, అద్దం యూవీబీని ఆపేస్తుంది.

రెండు లైట్లూ టైమరు మీద 12 గంటలు వెలగాలి, 12 గంటలు ఆరాలి. రాత్రి గది 65, 70 మధ్యకు దిగినా వెయిల్డ్‌కు, పాంథర్‌కు హీటర్ అక్కర్లేదు. చీకటి కావాలి, చల్లదనం కావాలి. ఎర్ర బల్బు ఇంకా డబ్బాలోనే ఉంటే తిరిగిచ్చేయండి.

నీళ్ళు ఆకుల మీద చుక్కలుగా ఉండాలి. పొద్దున్నే లైట్లు వెలగకముందు రెండు నిమిషాలు, రాత్రి లైట్లు ఆరాక రెండు నిమిషాలు జల్లు పడేలా ఆటోమేటిక్ మిస్టింగ్ యంత్రం పెట్టుకుంటే మంచిది. చేత్తో కొట్టే స్ప్రే బాటిల్‌తో మొదటి నెల ఉత్సాహంగా నడుస్తుంది, రెండో నెల మర్చిపోతారు. పగటిపూట డ్రిప్పర్ నుంచి ఒక ఆకు మీద మెల్లగా చుక్కలు పడనివ్వండి. మొదటిసారి అది తాగడం చూడండి. చుక్కను ఒక కంటితో చాలాసేపు చూస్తుంది, మెడ చాపి నాలుక కొన ఆనిస్తుంది, తల పైకెత్తి గొంతు కదుపుతుంది, మళ్ళీ ఆగి చూస్తుంది. మీరు దగ్గరికి జరిగితే ఆపేస్తుంది. పగలు ఆకులు ఆరిపోవాలి. ఎప్పుడూ తడిగా, వెచ్చగా ఉంచితే ఊపిరితిత్తులకు జబ్బు పట్టుకుంటుంది. ఇన్ని నీళ్ళూ ఎక్కడికి పోతాయన్నది ముందే ఆలోచించుకోండి. కింద ట్రే, ట్రేకి చిల్లు, చిల్లు కింద బకెట్. అద్దె అపార్ట్‌మెంట్‌లో కార్పెట్ ఉబ్బితే డిపాజిట్ పోతుంది.

పంజరం, లైట్లు, మిస్టింగ్ యంత్రం, మొక్కలు అన్నీ కలిపి సుమారు 400 నుంచి 600 డాలర్లు అవుతుంది. వెయిల్డ్ ధరకన్నా ఇది ఎన్నో రెట్లు. ఇక్కడ మిగుల్చుకున్నది డాక్టరు బిల్లులో పోతుంది.

ఇదంతా అమర్చాక ఓ రెండు వారాలు ఖాళీ పంజరాన్ని నడపండి. పై కొమ్మ దగ్గర ఒక డిజిటల్ థర్మామీటర్, మధ్యలో తేమ కొలిచే మీటరు పెట్టి, పొద్దునా మధ్యాహ్నం రాత్రీ అంకెలు రాసుకోండి. మొక్క వాడిపోయిందా, ట్రే పొంగిందా, హీటర్ వేసిన రోజు తేమ ఎంతకు పడిపోయింది, అన్నీ అప్పుడే తెలుస్తాయి. పిల్లలతో ఈ లెక్కలు రాయించండి. రెండో వారానికే వాళ్ళకు విసుగొస్తే అది కూడా మంచి సమాచారమే.

జంతువును ఎంచుకోవడం

అడవిలో పట్టి తెచ్చినవి చవగ్గా ఉంటాయి. కడుపులో పురుగులతో, దాహంతో, దారిలో తగిలిన దెబ్బలతో వస్తాయి. వాటి జోలికి పోవద్దు. పెంపకంలో పుట్టిన, కనీసం మూడు నెలలు నిండిన పిల్లను తీసుకోండి. అంతకన్నా చిన్నవి చవగ్గా ఇస్తామంటారు, అవి చిన్న పొరపాటుకే పోతాయి.

ఎక్స్‌పోలో అవి చిన్న చిన్న కప్పుల్లో, జాలీ డబ్బాల్లో ఉంటాయి. రంగు చూడకండి, కళ్ళు చూడండి. కంటి గుమ్మటం ఉబ్బెత్తుగా, నిండుగా ఉండాలి, లోపలికి పీక్కుపోయి ఉంటే నీళ్ళు లేవని అర్థం. రెండు కళ్ళూ వేరువేరుగా, ఆగకుండా తిరుగుతూ మిమ్మల్ని వెతకాలి. పట్టపగలు కళ్ళు మూసుకున్న పిల్లను, ఎంత తగ్గించి ఇచ్చినా, పక్కన పెట్టెయ్యండి. అమ్మేవాడిని దాన్ని ఒక పుల్ల మీదకు ఎక్కించమనండి. నడిచేటప్పుడు పొట్ట పుల్లకు తగలకుండా పైకి లేవాలి, మోచేతులు, ముంజేతులు తిన్నగా ఉండాలి. పుల్లను మెల్లగా కదిపితే పట్టు బిగించాలి. నోటి అంచుల్లో నురగ, బుడగలు, దవడ వాపు లేకుండా చూడండి. డబ్బా అడుగున రెట్ట ఉంటే అదీ చూడండి. అందులో తెల్లటి భాగం తెల్లగానే ఉండాలి, ముదురు నారింజ రంగులో ఉంటే నీళ్ళు చాలడం లేదు. బుసకొట్టిందా? మంచిదే. మీ చేతిలో మెత్తగా, ముద్దుగా కూర్చున్నదానికంటే మీకు దూరంగా పారిపోవాలని చూసేదే ఆరోగ్యంగా ఉంది.

ఎర్ర గుడ్డ మీద పెడితే ఎర్రగా మారుతుందని ఎవరైనా చెప్తే నవ్వి ఊరుకోండి. రంగు మారేది వెనకున్న రంగును బట్టి కాదు. భయం, కోపం, వేడి, జత కట్టే వేళ, ఇవి దాన్ని మారుస్తాయి. 2015లో జెనీవా విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు పాంథర్ మీద చేసిన పనిలో తేలిందేమిటంటే, చర్మంలో గ్వానిన్ స్ఫటికాలున్న కణాలు ఉంటాయి, ఉద్రేకపడినప్పుడు ఆ స్ఫటికాల మధ్య ఎడం పెరిగి అవి తిప్పికొట్టే వెలుతురు మారుతుంది. పెంచేవాళ్ళకు ఇది పనికొచ్చే కబురు. పొద్దున ముదురు రంగులో ఉంటే వేడి పీల్చుకుంటోంది, గంటలో తేలికపడాలి. రోజంతా నల్లబడి ఉంటే ఏదో బాగాలేదు.

అమ్మేవాడిని మూడు అడగండి: ఎప్పుడు పుట్టింది, ఏం తింటోంది, పురుగుల మీద ఏ పొడి చల్లుతున్నారు. ఈ మూడిటికీ తడుముకోకుండా జవాబు చెప్పేవాడి దగ్గర కొనండి.

తెచ్చిన రోజు పంజరంలో కొమ్మ మీద దింపి, తలుపు వేసి, గదిలోంచి బయటికి రండి. ముందువైపు ఒక దుప్పటి సగం కప్పితే ఇంకా మంచిది. బంధువుల్ని చూడటానికి ఓ పది రోజులాగి పిలవండి. పిల్లకు రోజూ, పెద్దదానికి రోజు విడిచి రోజు పురుగులు, దాని రెండు కళ్ళ మధ్య దూరానికి మించని సైజువి. ప్రతిసారీ డి3 లేని కాల్షియం పొడి పల్చగా అద్ది వెయ్యండి. డి3 కలిసిన మల్టీవిటమిన్ రెండు వారాలకోసారి. తినని పురుగుల్ని రాత్రికి తీసెయ్యండి, నిద్రపోతున్న జంతువును అవి కొరుకుతాయి. గ్రాముల్లో తూచే వంటింటి త్రాసు విడిగా ఒకటి కొని వారానికోసారి బరువు రాయండి. మొదటి నెలలో ఒక రెట్ట నమూనా డాక్టరుకు పంపి పరాన్నజీవుల పరీక్ష చేయించండి.

మొదటి రెండు మూడు రోజులు తినకపోతే కంగారు పడనక్కర్లేదు. పగలు కళ్ళు తెరిచి, కొమ్మలు మారుతూ, ఆకు మీది చుక్క నాకుతూ ఉంటే ఇల్లు అలవాటు చేసుకుంటోందన్నమాట. వారం దాటాక కూడా తిండి ముట్టకపోయినా, పగటిపూట కళ్ళు మూసుకుని అడుగు కొమ్మల్లో కూర్చున్నా, నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా మీరు జాబితాలో గుర్తు పెట్టుకున్న ఆ డాక్టరుకు అదే రోజు ఫోన్ చెయ్యండి.